పిల్లలను దోషులుగా చూపని ఓజు

విశ్రాంత జీవితంలో ఉన్నవారు తప్పక చూడదగిన ఆసియా చిత్రాలలో జపాను చిత్రం ‘టోక్యో స్టోరీ’ (1953) ముఖ్యమైనది. దానిని తీసిన దర్శకుడు యసుజిరో ఓజు జీవితాన్ని మన సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓజు 1903 డిసెంబరు 12న టోక్యోలో జన్మించారు. తండ్రి ఎరువుల వ్యాపారి. 1913లో ఆయన తాను టోక్యోలోనే ఉండి, భార్యాపిల్లలను మత్సుసక పట్టణానికి పంపారు. అందువల్ల ఓజు తండ్రికి దూరంగా, తల్లి చెంతన పెరిగారు. ఒక ఏడాది పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి, 1923లో షోచికు సంస్థలో కెమెరా సహాయకుడిగా చేరారు. 1927లో దర్శకులయ్యారు. 1937లో సైన్యంలోకి పిలుపు రావడంతో చైనా యుద్ధరంగానికి వెళ్లారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి సింగపూరులో ఉండి, 1946లో స్వదేశం చేరారు. మొత్తం యాభైకి పైగా చిత్రాలు తీశారు. ఆయన వివాహం చేసుకోలేదు. తల్లితోనే కలిసి జీవించారు.

‘టోక్యో స్టోరీ’లో ఒనోమిచి నుంచి వృద్ధ దంపతులు పిల్లలను చూడాలని టోక్యో వస్తారు. కొడుకు వైద్యుడు, కూతురు క్షౌరశాల నడుపుతుంది. ఇద్దరికీ తీరిక లేదు. తల్లిదండ్రులను అటామిలోని వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు. అక్కడ రాత్రంతా గోలతో వారికి నిద్ర పట్టదు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న కోడలు నొరికో మాత్రం సెలవు పెట్టి మరీ వారికి ఊరు చూపిస్తుంది. ఇల్లు చేరిన కొద్ది రోజులకే తల్లి కన్నుమూస్తుంది.

చూస్తున్నంతసేపూ పిల్లల మీద మనకు కోపం వస్తుంది. ఓజుకు మాత్రం రాదు. తల్లిదండ్రులను బయటికి తీసుకువెళ్లబోతున్న కొడుకు ఆగిపోయింది రోగి కోసమే. తమ పిల్లలు మారారని తెలిసినా, చాలామంది పిల్లలకన్నా నయమేనని ఆ దంపతులు సరిపెట్టుకుంటారు. ఈ చిత్రం చూశాక, మన పిల్లల నుంచి ఉత్తరమో ఫోనో ఆలస్యమైనప్పుడు నిందించే ముందు ఒక్క క్షణం ఆగాలనిపించింది నాకు. అలాగే పిల్లలు కూడా చూస్తే, ఆ ఫోను కాస్త ముందే చేస్తారేమో.

ఓజు కెమెరాను చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంచేవారు. అందుకే ఆ ఇంట్లో మనమూ ఒక పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

1962లో ఆయన తల్లి మరణించారు. మరుసటి ఏడాది గొంతు క్యాన్సరుతో, సరిగ్గా షష్టిపూర్తి నాడే, 1963 డిసెంబరు 12న ఓజు కాలధర్మం చెందారు. కమకురాలోని ఆయన సమాధిపై పేరు లేదు. శూన్యం అనే అర్థమిచ్చే ఒకే అక్షరం ఉంది. సంతానం లేని ఆయన తీసిన ఈ చిత్రాన్ని, వీలైతే మీ సంతానంతో కలిసి చూడండి.