సవరల పంతులు

గిడుగు రామమూర్తి పంతులు పేరు వినగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆయన జీవితంలో ముప్పయి ఏళ్ళకు పైగా సాగిన మరొక కృషి ఉన్నది. దానిని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తారు. ఆయనను అర్థం చేసుకోవాలంటే మొదట ఆ రెండవ కథ నుండే ప్రారంభించాలి.

రామమూర్తి 1863లో శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన, వంశధారా తీరంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో కన్నుమూశారు. పన్నెండేళ్ళ బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తికాగానే కుటుంబభారం మీద పడినందున, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పై పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా రాసి ఉత్తీర్ణులైనారు. చరిత్ర పాఠాలు చెప్పవలసి వచ్చినప్పుడు ముఖలింగం ఆలయాల్లోని శాసనాలను చదవాలని సంకల్పించి, గురువు లేకుండానే ఆ ప్రాచీన లిపులను నేర్చుకున్నారు. తెలియనిదానిని మూలంలోనే వెదకడం ఆయనకు తొలినుండీ అలవాటు.

పర్లాకిమిడి ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఊరు దాటితే కొండలు, ఆ కొండల్లో సవరలు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని, ఒరియాతో గాని దానికి జన్మసంబంధం లేదు. సంతలకు దిగివచ్చే సవరలు బేరం దగ్గర, అప్పుపత్రం దగ్గర, కచేరీలో దుబాసీ చెప్పినదే నమ్మవలసి వచ్చేది. రెండు భాషల మధ్య నిలిచినవాడిదే పెత్తనం. జబ్బు చేస్తే అది ఆత్మల ఆగ్రహమని భావించి పశుబలులు ఇచ్చేవారు. బలికి కావలసిన పశువు కోసం మరల అప్పు చేయవలసి వచ్చేది. ఈ చిక్కులన్నింటికీ చదువు ఒక్కటే మందు కాకపోవచ్చును. కాని చదువు లేకుండా ఏ మందూ వారిదాకా చేరదని రామమూర్తి గ్రహించారు.

ఆ చదువు ఏ భాషలో చెప్పాలి? ప్రభుత్వం దృష్టిలో అది ప్రశ్నే కాదు. బడి పెడితే తెలుగులోనో ఒరియాలోనో చెప్పవలసిందే. ఇంట్లో ఒక్క తెలుగు మాట వినని ఆరేళ్ళ సవర పిల్లవాడు తెలుగు వాచకం ముందు కూర్చుంటే వాడికి అక్షరమూ కొత్తే, మాటా కొత్తే, అర్థమూ కొత్తే. వాడు వల్లించగలడు గాని చదవలేడు. కొద్దికాలానికి బడి మానివేస్తాడు. అప్పుడు అడవి మనుషులకు చదువు అంటదని పెద్దలు తీర్పు చెబుతారు. రామమూర్తి లోపాన్ని పిల్లవాడిలో వెదకలేదు, బడిలో వెదికారు.

ముందుగా తానే విద్యార్థి అయినారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటనే ఉంచుకుని సవరభాష అభ్యసించారు. నేర్చుకోవడానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. కంఠబిలం మూసి తెరచినప్పుడు పుట్టే ధ్వనులు తెలుగు చెవికి ఒక పట్టాన అందవు. క్రియలోనే నామాన్ని ఇమిడ్చి, ఒక పూర్తి వాక్యమంతటి అర్థాన్ని ఒకే పదంలో పలికే నిర్మాణం మరొక వింత. ఉపాధ్యాయుడి జీతంతో సంసారాన్ని ఈదుతున్న మనిషి సెలవులలో కొండలెక్కి సవర గూడెములలో తిరిగి, పాటలు, కథలు, మాటలు సేకరించారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రచించారు. నిఘంటువులు సిద్ధం చేశారు. తన సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం ఆయన శ్రమను మెచ్చి పారితోషికం ఇవ్వజూపగా, తనకు వద్దని, ఆ ధనాన్ని సవరల బడికి వినియోగించమని కోరారు.

ఇక్కడ మన్యపు జ్వరం సంగతి చెప్పాలి. ఆయన కొండల్లో తిరగడం మొదలుపెట్టిన నాటికి చలిజ్వరం ఎలా వస్తుందో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. కొండ నీరు పడలేదనో, గాలి చెడ్డదనో అనుకునేవారు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. కారణం తెలియకపోయినా మందు మాత్రం తెలుసు. అది సింకోనా బెరడు నుండి తీసిన క్వినైను. 1890లలో తపాలా కార్యాలయాల ద్వారా క్వినైను పొట్లాలు చవకగా అమ్మే పద్ధతి బెంగాలులో మొదలై ఇతర ప్రాంతాలకూ వ్యాపించింది. అయితే పొట్లం చవకైనంత మాత్రాన సరిపోదు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, మానివేస్తే ఏమవుతుంది అన్నది రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పేవారు ఉండాలి. సవరల భాష తెలిసిన వైద్యుడు ఆనాడు ఎక్కడ ఉన్నాడు?

రామమూర్తికి కూడా ఆ జ్వరం తగిలింది. క్వినైను వాడారు, ప్రాణం నిలిచింది. కాని ఆ మందు అధికమైతే చెవులలో హోరు పుట్టించి వినికిడిని హరిస్తుంది. ఆయనకు శాశ్వతంగా చెవుడు వచ్చింది. ఒక జాతి మాటలను చెవితో పట్టి కాగితం మీద పెట్టేవాడికి చెవులే పోవడం కంటె పెద్ద నష్టం ఏముంటుంది? ఆయన పని మానలేదు. పాశ్చాత్య ధ్వనిశాస్త్ర గ్రంథాలను స్వయంగా చదివి ఆ శాస్త్రాన్ని పట్టు పట్టి సాధించారు. కుమారుడు సీతాపతి ఈ కృషిలో తండ్రికి తోడుగా నిలిచారు. సుమారు ముప్పయి అయిదేళ్ళ శ్రమకు ఫలితంగా ఆయన ఆంగ్లంలో రచించిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది.

తెలుగు బడుల విషయంలో ఆయన చేసిన పోరాటం మీకు తెలిసినదే గనుక సంగ్రహంగా చెబుతాను. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఏ. యేట్స్‌కు ఒక సందేహం కలిగింది. తెలుగు పిల్లలు ఇంట మాట్లాడే తెలుగుకు, పుస్తకాల తెలుగుకు ఇంత దూరమెందుకు అన్నది ఆయన ప్రశ్న. గురజాడ, రామమూర్తి, విశాఖపట్టణంలోని ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, యేట్స్ కలిసి పని ప్రారంభించారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో రాయవచ్చునన్న అనుమతి లభించినా, పండితుల ప్రతిఘటన వలన 1915 నాటికి అది రద్దయింది. 1919లో రామమూర్తి ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించారు. 1925లో తణుకులో జరిగిన సభలో గంటల తరబడి ప్రసంగించి, కావ్యాల నుండి ప్రయోగాలు ఎత్తి చూపుతూ ప్రతిపక్షుల వాదాలను ఖండించారు. ఎదుటివారి మాట చెవిన పడని మనిషి అంతటి సభను నిలువరించడం సామాన్య విషయం కాదు. సవర పిల్లవాడి అవస్థ చూసిన కంటికే తెలుగు పిల్లవాడి అవస్థ కూడా కనిపించిందని నాకు తోస్తుంది. ఇద్దరికీ ఎదురైనది ఒకటే, తమది కాని భాషలో రాసిన పుస్తకం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రామమూర్తి రాజమహేంద్రవరం చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయి రెండేళ్ళు. సవర కొండలు చాలావరకు సరిహద్దుకు ఆవల మిగిలిపోయాయి. 1940 జనవరి 22న ఆయన మద్రాసులో కన్నుమూశారు.

ఆయన స్వంత డబ్బుతో నడిపిన బడులు ఆయనతోపాటే వెనుకబడ్డాయి. సవర పిల్లలకు తొలి పాఠాలు సవరలోనే చెప్పాలన్న ఆలోచనను ప్రభుత్వం తన పథకంగా చేపట్టడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యాకార్యక్రమం ప్రారంభమైనప్పుడు వాటిలో సవర ఒకటి. శ్రీకాకుళం కొండల్లోని పిల్లలకు అప్పుడు ఇచ్చిన సవర వాచకాలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి.