భూమిని కొలిచిన లాంబ్టన్

పటము ముందు నిలిచి, ఒక ఊరు 17 డిగ్రీల 30 నిమిషముల ఉత్తర అక్షాంశమున నున్నదని తరగతిలో సులభముగ చెప్పుదుము. అట్టి అంకెలను నమ్మదగినవిగ చేయుటకు మన దేశమున జీవితమును ధారపోసిన వాడు విలియం లాంబ్టన్.

ఇంగ్లండులోని యార్క్‌షైరులో సామాన్య కుటుంబమున జన్మించి, ఆయన సైన్యమున చేరెను. 1799లో మైసూరు యుద్ధమున, చీకటిలో దిక్కు తప్పిన సేనను నక్షత్రములను చూచి దారికి తెచ్చెనని ప్రసిద్ధి.

1802లో మద్రాసు సమీపమున సెయింట్ థామస్ కొండ వద్ద ఆయన ఆధారరేఖను కొలిచెను. ఏడున్నర మైళ్లకు 57 దినములు పట్టెను. ఉక్కుగొలుసు వేడికి సాగును గనుక, దానికి నీడ పట్టించి, ఉష్ణమాపకమును చూచి లెక్కను సవరించుచుండెను. ఆ రేఖపై త్రిభుజములను అల్లుకొనుచు, కోణములను కొలుచుచు సాగెను. కొన్ని చోట్ల నక్షత్రముల ఎత్తును బట్టి అక్షాంశమును నిర్ణయించెను.

కోణములను కొలుచు థియోడొలైటు అరటన్ను బరువు. 1808లో తంజావూరు ఆలయ గోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి, అది గోడకు కొట్టుకొని, దాని చక్రము వంగిపోయెను. వంగిన చక్రముపై గీతలు ఎంత సన్ననివైనను అవి చెప్పునది అసత్యమే. లాంబ్టన్ ఆరు వారములు గుడారమున కూర్చుండి, కొద్దికొద్దిగ దానిని సరిచేసి, పని మరల సాగించెను.

ఈ పాఠము నేటికిని అవసరము. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. ఒక నిమిషము 1.85 కిలోమీటర్లు, ఒక సెకను 31 మీటర్లు. జి.పి.ఎస్. గల ఫోను దశాంశములలో స్థానమును చూపును. అందు ఐదవ స్థానము సుమారు 1 మీటరు, ఆరవది 11 సెంటీమీటర్లు. కాని సాధారణమైన ఫోను ఆరుబయట సైతము కొన్ని మీటర్లు తప్పవచ్చును. అప్పుడు ఆరవ అంకె అలంకారమే. పద్ధతి మార్చునపుడు జాగ్రత్త వలయును. 17 డిగ్రీల 30 నిమిషములనగా 17.5 డిగ్రీలు. దానిని 17.30 అని వ్రాసిన విద్యార్థి ఊరిని 22 కిలోమీటర్లు దక్షిణమునకు జరిపినవాడగును.

కన్యాకుమారి సమీపమునుండి బీదరు దాటి కొలతను సాగించిన లాంబ్టన్, హైదరాబాదునుండి నాగపూరునకు పోవుచు, 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో మరణించెను. ఆయన మార్గముననే అనుచరులు హిమాలయములను చేరిరి. అంకెలను పెంచుట తేలిక. ప్రతి అంకెకు బాధ్యత వహించుట కష్టము. ఆ కష్టమునే ఆయన ఇరువది యేండ్లు మోసెను.