ఇంజినీరింగ్ చదివి కెమెరా పట్టిన దీన్ దయాళ్

మనలో చాలామందికి ఒక అలవాటు ఉంది. పాత కోట కనిపించినా, కొత్తగా లేచిన గాజు టవర్ కనిపించినా చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. ఇదే పనిని హైదరాబాద్‌లో 130 ఏళ్ల కిందటే ఎంతో శ్రద్ధగా చేసిన ఒకాయన ఉన్నారు. పేరు రాజా దీన్ దయాళ్. ఆయన గురించే రాయాలని నాకు అనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయనా ఇంజినీరింగ్ స్టూడెంటే.

1844లో మీరట్ దగ్గరున్న సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. 1866లో ఇందౌర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. డ్రాయింగులు గీయడం, కట్టడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం ఆయన పని. అంటే గవర్నమెంట్ జాబ్ అన్నమాట. మన ఇళ్లల్లో అయితే కథ అక్కడితో సుఖాంతం.

కానీ 1874 ప్రాంతంలో ఆయనకు కెమెరా పిచ్చి పట్టుకుంది. ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే చిన్న పని కాదు. గాజు పలకకి జిగురులాంటి ద్రావణం పూయాలి, వెండి లవణంలో ముంచాలి, తడి ఆరకముందే ఫోటో తీసి వెంటనే కడగాలి. మొత్తం కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. ఊరి బయట గుడిని ఫోటో తీయాలంటే చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్లు, బరువైన పలకలు అన్నీ మోసుకుపోవాల్సిందే. 1880లలో ముందే తయారుచేసిన డ్రై ప్లేట్లు వచ్చాక ఈ తిప్పలు చాలా తగ్గాయి.

ఇందౌర్ మహారాజు తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ అధికారి హెన్రీ డాలీ ఆయన్ని ప్రోత్సహించారు. తర్వాత వచ్చిన అధికారి లెపెల్ గ్రిఫిన్ తన పర్యటనకి వెంట తీసుకెళ్లారు. గ్వాలియర్, దతియా, ఓర్ఛా, ఖజురహో, సాంచి లాంటి చోట్ల తీసిన 80కి పైగా ఫోటోలతో 1886లో మధ్య భారత కట్టడాల మీద ఒక పెద్ద పుస్తకం వచ్చింది. ఆ ఫోటోల్లో నాకు బాగా నచ్చేది ఏంటంటే, గోడ నిటారుగానే ఉంటుంది. మనం ఫోన్ పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది చూడండి, అలా ఉండదు. కట్టడాల డ్రాయింగులు గీసిన చెయ్యి కదా!

1880ల మధ్యలో ఉద్యోగం వదిలేశారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, తర్వాత బొంబాయిలో కూడా. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిష్ ఆవిడకి అప్పగించారు. నిజాం ఇచ్చిన బిరుదు ముసవ్వర్ జంగ్. ముసవ్వర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. అంత సామాను మోసిన మనిషికి ఆ బిరుదు సరిగ్గా సరిపోయింది.

హైదరాబాద్‌లో ఆయన పాతవీ తీశారు, కొత్తవీ తీశారు. 1591 నాటి చార్మినార్, గోల్కొండ సుల్తానుల సమాధులు, నిజాం రాజ్యంలోనే ఉన్న ఎల్లోరా గుహలు పాతవి. ఫలక్‌నుమా మాత్రం అప్పట్లో కొత్త బిల్డింగ్. పునాది పడింది 1884లో. ఇప్పుడు మనకి అది హెరిటేజ్, ఆయనకి మాత్రం మొన్న మొన్న కట్టిన ఇల్లు!

ఇంకో కొత్త భవనం బషీర్‌బాగ్ ప్యాలెస్. అస్మాన్ జా అనే ప్రభువు కట్టించుకున్నారు. ఆయన మరో బిరుదు బషీరుద్దౌలా నుంచే ఆ పేరు వచ్చింది. మనలో ఎంతమంది బషీర్‌బాగ్ మీదుగా బస్సులో వెళ్లలేదు? అక్కడ ప్యాలెస్ ఉండేదని నాకు దీన్ దయాళ్ ఫోటో చూసేదాకా తెలీదు. స్వాతంత్ర్యం తర్వాత దాన్ని కూల్చేశారు. 1591 నాటి చార్మినార్ నిలబడే ఉంది, దానికి మూడు వందల ఏళ్లు చిన్నదైన ప్యాలెస్ పోయింది. ఏది ఉంటుందో ఏది పోతుందో వయసుని బట్టి చెప్పలేం.

సీఎస్‌ఈ వాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. ఆయన చాలా నెగటివ్‌ల మీదే నంబరు, చోటు పేరు, తన పేరు రాసేవారు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది ఫలానా భవనం అని చెప్పగలుగుతున్నాం. మెటాడేటా లేని ఫోటో అడ్రస్ లేని ఉత్తరం లాంటిది. మన గ్యాలరీల్లో వేల ఫోటోలు ఉన్నాయి, వాటి పేర్లన్నీ ఐఎంజీ, పక్కన అంకెలు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే అది ఏ ఊరి గుడో మనకే గుర్తుండదు.

దీన్ దయాళ్ 1905లో చనిపోయారు. తర్వాత కొడుకు జ్ఞాన్‌చంద్ స్టూడియో నడిపారు. మిగిలిన గాజు నెగటివ్‌లలో 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేరున స్టాంపు వేసింది.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఆయన ఎక్కువగా రాజుల కోసం, దొరల కోసం పనిచేశారు కాబట్టి ఎక్కువగా మిగిలినవి వాళ్ల మేడలే. మామూలు మనుషుల పెంకుటిళ్లు, అరుగులు, ఇరానీ హోటళ్లు, సింగిల్ స్క్రీన్ సినిమా హాళ్లు ఎవరు తీయాలి? మనకి గాజు పలకలు మోసే పని లేదు, నవాబు ఆర్డర్ ఇవ్వక్కర్లేదు. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ వీధిలో ఒక పాత ఇల్లు, ఒక కొత్త ఇల్లు ఫోటో తీయండి. నిటారుగా తీయండి. కింద ఊరి పేరు, వీధి పేరు, తేదీ తప్పకుండా రాయండి.