వాతలు పడ్డ శిల్పి

శిల్పం అనగానే మనకు రాయే జ్ఞాపకం వస్తుంది. జర్మనీలో మధ్యయుగం చివరినాటి శిల్పులు మాత్రం కొయ్యకు ప్రాణం పోశారు. చర్చి బలిపీఠాల కోసం వాళ్ళు చెక్కిన దేవదూతలు ఈనాటికీ చూపరులను నిలబెట్టేస్తాయి. ఆ శిల్పుల్లో అగ్రగణ్యుడు ఫైట్ ష్టోస్.

ఆయన 1447 ప్రాంతంలో పుట్టాడు. 1477లో న్యూరెంబర్గ్ పౌరసత్వం వదులుకుని, పోలండులోని క్రాకోవ్ నగరానికి వెళ్ళాడు. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో పన్నెండేళ్ళు శ్రమించి, 1489 నాటికి మహత్తరమైన బలిపీఠాన్ని పూర్తిచేశాడు. లిండెన్ కలప మెత్తన. ఉలి ఎటు తిప్పితే అటు తెగుతుంది. కానీ ఎండేకొద్దీ పగులుతుంది కనుక పెద్ద బొమ్మలను వెనక నుంచి తొలిచి గుల్ల చేసేవారు.

1496లో పేరూ డబ్బూ సంపాదించుకుని న్యూరెంబర్గ్ తిరిగొచ్చాడు. అక్కడే దెబ్బతిన్నాడు. ఒక వర్తకుడి మాట నమ్మి పెట్టిన సొమ్ము కాస్తా మునిగిపోయింది. ఆ కసిలో వర్తకుడి పేర దొంగ పత్రం సృష్టించి పట్టుబడ్డాడు. 1503లో నడివీధిలో రెండు చెంపల మీదా ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్నారు. ఆయన పారిపోయాడు, మళ్ళీ వచ్చాడు. 1506లో చక్రవర్తి మాక్సిమిలియన్ క్షమాభిక్ష ఇచ్చినా, నగరసభ మనసు కరగలేదు.

చేసింది తప్పే, కాదనలేం. అయితే ఆ చేతుల్లో ఉలి మాత్రం మొద్దుబారలేదు. 1517లో ఆయనకు పని అప్పగించినది ఎవరనుకున్నారు? అదే నగరసభలో అత్యున్నత పదవిలో ఉన్న ఆంటోన్ టూఖర్! సెయింట్ లోరెంజ్ చర్చిలో, బలిపీఠానికి ఎదురుగా, పైకప్పు నుంచి గొలుసుతో వేలాడే బొమ్మ కావాలన్నాడు. మరుసటి ఏటికి అది సిద్ధమైంది. గులాబీల దండ నడుమ మరియమ్మ, ఆమెకు శుభవార్త చెప్పవచ్చిన గబ్రియేలు దూత, చుట్టూ చిన్న చిన్న దేవదూతలు. దూత అంగీ మడతలు చూస్తే, ఇప్పుడే గాలిలోంచి దిగాడా అనిపిస్తుంది.

ష్టోస్ 1533లో కన్నుమూశాడు. మతసంస్కరణ వచ్చాక ఆ బొమ్మను గుడ్డ కప్పి ఉంచారు. 1817లో అది కిందపడి ముక్కలైంది. ముక్కలన్నీ ఏరి, అతికి, మళ్ళీ పైకెత్తారు. క్రాకోవ్ బలిపీఠాన్ని రెండవ ప్రపంచయుద్ధంలో నాజీలు ఎత్తుకుపోతే, 1946లో తిరిగి చేరింది.

రేపు మనలో కొందరు న్యాయవాదులవుతారు, అధికారులవుతారు. తప్పుకు శిక్ష వేయవలసిందే. కాని శిక్ష తీరిన మనిషికి మళ్ళీ పని చూపించడం కూడా న్యాయంలో భాగమే. టూఖర్ ఆ చెంపలే చూసి ఊరుకుని ఉంటే, లోరెంజ్ చర్చిలో ఆ దేవదూత ఉండేవాడు కాదు.