కొండెక్కిన పాదరసం

1648 సెప్టెంబరు 19న, ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాంట్ పట్టణంలో, ఒక మఠం తోటలో ఉదయాన్నే కొందరు పెద్దమనుషులు కూడుకున్నారు. వారిలో గురువులున్నారు, కోర్టు అధికారులున్నారు, ఒక వైద్యుడున్నాడు. ముందు పెట్టుకున్నవి రెండు గాజు గొట్టాలు, కొంత పాదరసం. గొట్టం నిండా పాదరసం పోసి, మూతి వేలితో మూసి, పాదరసమున్న గిన్నెలో తలకిందులుగా నిలబెట్టారు. లోపలి పాదరసం కొంత దిగి, ఇరవై ఆరు అంగుళాల పైచిలుకు ఎత్తున ఆగింది. రెండు గొట్టాల్లోనూ ఒకే ఎత్తు. ఒకదాన్ని అక్కడే ఉంచి, రోజంతా కనిపెట్టి చూడమని ఒక సన్యాసికి అప్పగించారు. రెండవది తీసుకుని పుయ్ ద డోమ్ అనే కొండెక్కారు.

వారిని నడిపించినది ఫ్లోరాన్ పెరియే. పంపినది ఆయన బావమరిది బ్లేజ్ పాస్కల్. అప్పటికి పాస్కల్ వయస్సు 25. ఆరోగ్యం అంతంత మాత్రం.

ఈ పేరు మన చదువరులకు తెలిసినదే. పాస్కల్ 1623లో ఆ క్లెర్మాంట్‌లోనే పుట్టాడు. మూడేళ్లకే తల్లి పోయింది. పన్నుల శాఖలో పనిచేసే తండ్రి ఎటియెన్ కొడుక్కి చదువు తానే చెప్పుకున్నాడు. తండ్రి లెక్కల భారం తగ్గించడానికి ఆ కుర్రవాడు ఇరవై ఏళ్లు నిండకముందే లెక్కలు కట్టే యంత్రం పని మొదలుపెట్టాడు. 1646లో తండ్రి మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వైద్యం చేయవచ్చిన ఇద్దరు అన్నదమ్ములు గట్టి భక్తిపరులు. వారి సహవాసంతో ఇంటిల్లిపాదీ విశ్వాసాన్ని కొత్తగా పట్టించుకున్నారు. పాదరసం గొట్టాల సంగతి ఆయన చెవిన పడినదీ ఆ ఏడాదే.

గొట్టంలో పాదరసాన్ని పట్టి ఉంచుతున్నదేమిటి? ప్రకృతికి శూన్యమంటే గిట్టదు కాబట్టి అది పూర్తిగా దిగదని పాత పండితుల మాట. కాదు, గిన్నెలోని పాదరసాన్ని బయటి గాలి తన బరువుతో నొక్కుతోందని ఇటలీకి చెందిన టొరిచెల్లి భావించాడు. పాస్కల్ రువాన్ నగరంలో నలభై అడుగులు దాటిన గాజు గొట్టాలను నీళ్లతో, ద్రాక్షారసంతో నింపి నిలబెట్టి అందరికీ చూపించాడు. పాదరసం కన్నా నీరు దాదాపు 13.6 రెట్లు తేలిక కాబట్టి, గాలి దాన్ని సుమారు పది మీటర్ల దాకా నిలబెట్టగలదు, అంతకు మించి కాదు. మన ఊళ్లలో లోతైన బోరుకు చేతిపంపు వేసినప్పుడు సిలిండరును కిందికి దించేది ఇందుకే. పైనుంచి పీల్చితే నీరు రాదు.

గొట్టం పైభాగం ఖాళీ కాదని, గాజు రంధ్రాల గుండా సూక్ష్మమైన గాలి దూరిందని నోయెల్ అనే గురువు వాదించాడు. ఆయనా దైవజనుడే, వేదాంతం చదివినవాడే. ఎవరూ చూడని పదార్థాన్ని ఊహించి దాన్ని రుజువనడం తగదని పాస్కల్ మర్యాదగానే జవాబు రాశాడు. ప్రసంగ పీఠం మీద నిలబడే మేము ఈ జవాబును అప్పుడప్పుడు గుర్తు చేసుకోవడం మంచిది.

కొండమీద పెరియే బృందం కొలిచి చూస్తే పాదరసం ఇరవై మూడు అంగుళాల దగ్గర ఉంది. మూడు అంగుళాలకు పైగా తగ్గింది! పైన గాలి తక్కువ, కాబట్టి బరువూ తక్కువ. శూన్యమంటే ప్రకృతికి కొండ కింద ఎక్కువ అయిష్టం, కొండమీద తక్కువ అయిష్టం ఉంటుందా? కిందికి వచ్చి చూస్తే, సన్యాసి కాపలా కాసిన గొట్టంలో రోజంతా ఏ మార్పూ లేదు.

ద్రవాల గురించి ఆయన తేల్చిన సంగతులు ఇంకా ఉన్నాయి. నీటి ఒత్తిడి పాత్ర వెడల్పును బట్టి ఉండదు, నీటి ఎత్తును బట్టి ఉంటుంది. మా మందిరంలో కుళాయి ధార పెంచడానికి పెద్ద ట్యాంకు కొనాలని ఒకసారి కమిటీ తీర్మానించింది. కొన్నాం కూడా. ధార మారలేదు. ఉన్న ట్యాంకునే ఎత్తున పెట్టి ఉంటే సరిపోయేది.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుంది. ఒక మూతి చిన్నది, మరొకటి దానికి వంద రెట్లు పెద్దదనుకోండి. చిన్నదాని మీద ఒక్క మనిషి నొక్కితే, పెద్దదాని మీద వందమంది బలానికి సమానం. అయితే పెద్దది అంగుళం లేవాలంటే చిన్నది వంద అంగుళాలు దిగాలి. కారు బ్రేకులు, జేసీబీ చేయి, పళ్ల డాక్టరు కుర్చీ ఈ సూత్రం మీదే పనిచేస్తున్నాయి.

భక్తుల జీవితాలు రాసేటప్పుడు తప్పులు దాచడం మనకు అలవాటు. 1651లో తండ్రి చనిపోయాక, చెల్లెలు జాక్విలిన్ పోర్ రాయల్ మఠంలో చేరడం పాస్కల్‌కు ఇష్టం లేదు. ఆమె తన ఆస్తి వాటా మఠానికి ఇస్తానంటే అడ్డుపడ్డాడు, ఆమె మనస్సు నొప్పించాడు. చివరికి ఒప్పుకున్నాడు. తరువాత లోకం మీద విసుగు పుట్టినప్పుడు ఆయన మనస్సు విప్పుకున్నది ఆ చెల్లెలి దగ్గరే.

1654 నవంబరు 23 రాత్రి సుమారు రెండు గంటలసేపు దేవుని సన్నిధిని అనుభవించాడు. అప్పుడు రాసుకున్న మాటలను కోటు అస్తరులో కుట్టుకుని, కోటు మారినప్పుడల్లా దానితోపాటు మార్చుకున్నాడు. చనిపోయాకగానీ ఇంట్లోవాళ్లకు తెలియలేదు. ఎంత గొప్ప సాక్ష్యం, ఎంత మౌనం!

చివరి రోజుల్లో ఒక పేద కుటుంబాన్ని తన ఇంట్లో ఉంచుకున్నాడు. వారి బిడ్డకు మశూచి సోకింది. జబ్బుపడిన బిడ్డను కదిలించడం ఇష్టం లేక తానే ఇల్లు విడిచి అక్క గిల్బెర్త్ ఇంటికి వెళ్లాడు. అక్కడే 1662 ఆగస్టు 19న, 39 ఏళ్లకు కన్నుమూశాడు. ద్రవాల సమతౌల్యం మీద, గాలి బరువు మీద ఆయన రాసిపెట్టిన రెండు గ్రంథాలను మరుసటి ఏడాది అచ్చు వేయించినవాడు, ఆనాడు కొండెక్కిన బావ పెరియే.