గ్రంథాలయ శాస్త్ర పితామహుడు – రంగనాథన్

భారతదేశంలో గ్రంథాలయాన్ని పాఠకుని ముంగిటికి తెచ్చిన మహనీయుడు శియాలి రామామృత రంగనాథన్. ఆయన 1892 ఆగస్టులో తంజావూరు జిల్లాలోని శియాలిలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొంది, 1917 నుండి మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసులలో అధ్యాపకులుగా పనిచేశారు.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి పదవికి ఆయనను ఎంపిక చేసింది. అప్పటికి గ్రంథాలయ నిర్వహణను గూర్చి ఆయనకు తెలిసినది స్వల్పం. ఒక విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసం చదివి పరీక్షాధికారుల ఎదుట కూర్చున్నారు. కొలువులో చేరిన కొద్ది వారాలకే ఆ ఏకాంతం దుర్భరమయింది. పాఠకులు లేరు, పలకరించే శిష్యులు లేరు. తనను తిరిగి బోధనకే పంపమని అధికారులను ప్రార్థించారు. ముందు లండన్ వెళ్ళి అక్కడి పద్ధతులు పరిశీలించమనీ, అప్పటికీ మనసు మారకపోతే పాత ఉద్యోగం ఇస్తామనీ వారు మాట ఇచ్చారు.

ఆ ప్రయాణం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ వద్ద శిక్షణ పొందారు. అనేక గ్రంథాలయాలను సందర్శించారు. కార్మికులూ, గృహిణులూ, బాలలూ పుస్తకాలను స్వేచ్ఛగా తీసుకొని చదవడం చూశారు. మన దేశంలో పుస్తకాలు బీరువాలలో బందీలై ఉండడం ఆయనను కలచివేసింది. 1925లో స్వదేశానికి తిరిగివచ్చారు. గణిత బోధన ప్రసక్తి మరి ఎత్తలేదు.

మద్రాసులో ఆయన పుస్తకాల అరల వద్దకు పాఠకులను నేరుగా అనుమతించారు. పనివేళలు పెంచారు. కోరిన సమాచారం వెదకి ఇవ్వడానికి ప్రత్యేక సహాయకులను నియమించారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘ స్థాపనకు కారకులయ్యారు. 1931లో తన పంచసూత్రాలను ప్రకటించారు. పుస్తకం చదువరి కోసమేననీ, చదువరికి తగిన పుస్తకం, పుస్తకానికి తగిన చదువరి లభించాలనీ, వెదకులాటలో కాలం వృథా కారాదనీ, గ్రంథాలయం నిత్యం వర్ధిల్లుతుండాలనీ వాటి సారాంశం. లండన్ దుకాణంలో చూసిన పిల్లల ఆటవస్తువు ఆధారంగా ఊహించిన కోలన్ వర్గీకరణ 1933లో వెలువడింది. చిన్న ముక్కలను కలిపి ఎన్నో బొమ్మలు చేసినట్లు, కొన్ని అంశాలను కలిపి ఏ విషయాన్నయినా సూచించవచ్చునని ఆయన నిరూపించారు.

ఏ ఒక్క గ్రంథాలయమూ అన్ని పుస్తకాలనూ కొనలేదు. కనుక గ్రంథాలయాలు పరస్పరం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవాలని ఆయన భావించారు. చట్టబలం లేనిదే ఇది స్థిరపడదని 1930లో కాశీలో జరిగిన విద్యాసభలో నమూనా గ్రంథాలయ చట్టాన్ని సమర్పించారు. పద్దెనిమిదేళ్ళ నిరీక్షణ తరువాత 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇదే మొదటిది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాలకు కూడా ఇది వర్తించింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం, 1960లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలు చేసుకున్నాయి. నేడు హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ గృహస్థు ఇంటిపన్నుతోపాటు చెల్లించే గ్రంథాలయ పన్ను ఈ చట్టాల ఫలమే.

1945లో మద్రాసు విడిచి కాశీలోను, పిదప ఢిల్లీలోను ఆయన సేవలందించారు. తన పొదుపు నుండి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చి, గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠాన్ని నెలకొల్పారు. 1957లో పద్మశ్రీ, 1965లో జాతీయ పరిశోధనాచార్య గౌరవం లభించాయి. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన ఆశయం 1988లో ఢిల్లీలో ఆరంభమైన డెల్‌నెట్ వంటి వ్యవస్థలలో ఫలించింది. శ్రీనగర్ కాలనీలో ఉండి చదువుకొనే విద్యార్థికి తన విశ్వవిద్యాలయంలో ఒక గ్రంథం దొరకకపోతే, ఆ గ్రంథాలయం ఇటువంటి వ్యవస్థలో సభ్యత్వం కలిగి ఉన్నచో గ్రంథాలయాధికారికి విన్నవించి, మరొక సభ్య గ్రంథాలయం నుండి దానిని తెప్పించుకోవచ్చు. గడువులోగా భద్రంగా తిరిగి ఇవ్వడం అతని ధర్మం. ఏటా ఆగస్టు 12న దేశమంతటా జాతీయ గ్రంథాలయాధికారుల దినోత్సవం జరుపుకొని రంగనాథన్‌ను స్మరించుకుంటున్నారు.