పాత టోపీ నవాబు, మూసీ ఒడ్డున పుస్తకశాల

మన కొత్తవలస స్టేషనులో హైదరాబాదు రైలెక్కేవారిలో ఏడవ నిజాం పేరు వినని వారుండరు. మన శ్రీకాకుళం సర్కారు కూడా ఒకప్పుడు వారి పూర్వుల ఏలుబడిలోనిదే. 1766 ఒప్పందంతో ఇంగ్లీషువారి చేతికి పోయింది. పొదుపును గురించి నాలుగు ముక్కలు రాయమని సంఘ పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట ఆయనే జ్ఞాపకం వచ్చారు. వెంటనే సందేహమూ వచ్చింది. ఆయన్ని పొదుపరి అనాలా, కంజూస్ అనాలా?

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న జన్మించారు. తండ్రి మహబూబ్ అలీఖాన్ గారిది దర్జా చేయి. వేసిన బట్ట మళ్ళీ వేయరని జనం చెప్పుకునేవారు. 1911లో ఆయన పోగా కొడుకు గద్దెనెక్కారు. ఈయన తీరు పూర్తిగా వేరు. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక టైమ్ ఆయన బొమ్మను అట్టమీద వేసి, లోకంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ధనవంతుడి నెత్తిన ఏళ్ళ తరబడి ఒకటే పాత టోపీ. ఒంటిమీద నలిగిన నూలు బట్టలు. కాల్చేది చవక చార్మినార్ సిగరెట్టు. ఫలక్‌నుమా వంటి మహలు ఉండి కూడా కింగ్‌కోఠీలోనే కాపురం. తండ్రిగారి బూటులో దొరికిన సుమారు 185 కేరట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టేవారట.

ఇవి వినడానికి ముచ్చటగానే ఉంటాయి. మన పెళ్ళిళ్ళలో అప్పు చేసి వలీమా పెట్టేవారికి ఒకసారి వినిపించవలసినవే. అయితే పాత టోపీ పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ గొప్పవారు కారు. మిగిల్చిన సొమ్ము ఎటు పోయిందన్నదే మేము చూడదలచింది.

హైదరాబాదులో ఆసఫియా కుతుబ్‌ఖానా 1891లోనే వెలిసింది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ గారి పూనికతో పుట్టిన పుస్తకశాల అది. పుస్తకాలు పెరిగాయి, చోటు చాలలేదు. ఉస్మాన్ అలీఖాన్ గారి హయాములో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో పెద్ద భవనానికి 1932లో పునాది పడింది, 1936 నాటికి పుస్తకాలు అందులోకి చేరాయి. అంతకుముందే 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని కోసం అనువాద శాఖ పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు.

ఇదంతా ఆయన జేబు సొమ్ము అనుకోకండి. రాజ్యపు ఖజానాది. రైతు కట్టిన శిస్తే. ఇంకొక మాట కూడా దాచకూడదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ ఏలుబడిలో తగిన ఆదరణ దక్కలేదు. తెలుగువారు సొంతంగా గ్రంథాలయాలు పెట్టుకోబోతే అనుమతుల బెడద ఉండేది. చివరి రోజుల్లో రజాకార్ల ఆగడాలు ఆపలేకపోయారన్న మచ్చా ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది.

అదే నెలలో ఒక వింత జరిగింది. నిజాం ఆర్థికమంత్రి పది లక్షల పౌనులకు పైబడ్డ సొమ్మును లండను బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనరు పేరు మీదికి మార్చారు. అది తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం వెంటనే తిరిగి అడిగారు. బ్యాంకు ఇవ్వలేదు. కోర్టులు, వాయిదాలు. ఆయన 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసి, కింగ్‌కోఠీ ఎదుట మస్జిదె జూదీలో తల్లి సమాధి చెంతకు చేరారు. సొమ్ము మాత్రం బ్యాంకులోనే పడివుంది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పేసరికి అది మూడున్నర కోట్ల పౌనులైంది. 71 ఏళ్ళు! ఆ సొమ్ముతో ఒక్క పిల్లవాడికి పలకైనా కొన్నవారు లేరు. వజ్రాల సంగతీ అంతే. వాటిని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకులో భద్రపరిచింది.

అఫ్జల్‌గంజ్ పుస్తకాలు మాత్రం ఆ 71 ఏళ్ళూ చేతులు మారుతూనే ఉన్నాయి.

మనకు వజ్రాలు లేవు, లండను ఖాతాలూ లేవు. అయినా మనలో ఇల్లున్న ప్రతివారూ పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే డబ్బు ముందే కట్టేశాం, పుస్తకం తెచ్చుకోవడమే మరిచిపోయాం. పోటీపరీక్షల పుస్తకాలకు వేలు పోసే తల్లిదండ్రులున్నారు. పరీక్ష అయ్యాక అవి అటకెక్కుతాయి. పిల్లవాణ్ణి పట్టుకొని జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖకు ఒకసారి వెళ్ళొస్తే ఏటి పోతుంది? ఆడపిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

మనోళ్ళు హైదరాబాదు వెళితే చార్మినారు చూసి, మక్కా మసీదులో నమాజు చేసి, గాజులు కొని వచ్చేస్తారు. ఈసారి నయాపూల్ వంతెన దాటి ఇవతలి ఒడ్డుకు రండి. తెల్లని పెద్ద మేడ కనబడుతుంది. ఆసఫియా పేరు పోయి ఇప్పుడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. లోపల బల్లల దగ్గర పేపరు చదివే ముసలివారూ, ఉద్యోగాల పరీక్షకు నోట్సు రాసుకునే కుర్రాళ్ళూ కూర్చొని ఉంటారు.